షాపులో విక్టరీ ఉంది, కోరంగి ఓడ లేదు

వీడియో చూసేవాళ్లకి నా వెనక షెల్ఫ్‌లో ఒక చెక్క ఓడ కనిపిస్తూ ఉంటుంది. చదివేవాళ్ల కోసం చెప్తున్నా. సరిగ్గా మూరెడు పొడవు, మూడు తెరచాప కొయ్యలు, టీలో ముంచి తీసినట్టున్న గుడ్డ తెరచాపలు. కింద ఇత్తడి రేకు మీద ‘హెచ్‌ఎంఎస్ విక్టరీ’ అని పేరు. ఈ ఎపిసోడ్ ఆ ఓడ వల్లే మొదలైంది. కానీ ఇది విక్టరీ కథ కాదు. దాని పక్కన ఇంకో ఓడ పెడదామని నేను మూడు నెలలు వెతికిన కథ.

శామీర్‌పేటలో రికార్డింగ్ కోసం ఈ రూమ్ అద్దెకి తీసుకున్నప్పుడు వెనక గోడ మరీ బోసిగా ఉండేది. చరిత్ర చెప్పే ఛానల్ కదా, పాతకాలం లుక్ ఉండాలని మేడ్చల్ హైవే పక్కన ఒక గిఫ్ట్ షాపుకి వెళ్లా. షాపాయన “ఏం గావాలె తమ్మీ” అన్నాడు. ఓడ బొమ్మ కావాలన్నాను. “వాస్తుకా, షోకా?” అని అడిగాడు. నిజంగానే అక్కడ రెండు అరలున్నాయి. వాస్తుకైతే బంగారు రంగు నాణేలు నింపిన ఓడ, దాని ముక్కు ఇంటి లోపలికి చూడాలట. షోకైతే టైటానిక్, విక్టరీ, కొలంబస్ ఎక్కిన శాంటా మరియా. అమ్మ వాస్తుది తెమ్మంది. నేను 1,800 పెట్టి విక్టరీ తెచ్చాను.

ఇంటికి తెచ్చి తాతయ్య చేతికిచ్చా. తాతయ్య అంటే మా అమ్మ వాళ్ల నాన్న. సొంతూరు తాళ్లరేవు, కాకినాడ నుంచి యానాం పోయే దారిలో వస్తుంది. పదమూడేళ్లకే వాళ్ల నాన్న వెంట చెక్క ఓడల పనిలోకి వెళ్లాడు. పాతికేళ్లకి అక్కడ పని తగ్గిపోయి, హైదరాబాద్ వచ్చి తలుపులు, కిటికీలు చేసుకుంటూ మిగతా జీవితమంతా ఇక్కడే గడిపాడు. ఇప్పుడు 82. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా అవ్వాలి. అందుకే ఏదైనా కళ్లకంటే ముందు చేత్తో చూస్తాడు. ఓడని కింద నుంచి పైదాకా తడిమి, “ఏరా, ఈ ఓడకి గాలి ఎటునుంచి వత్తందిరా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తెరచాపలు చూడమన్నాడు. అవి ముందుకి ఉబ్బి ఉన్నాయి. అంటే గాలి వెనక నుంచి తోస్తోంది. మరి కొయ్య చివరన జెండా? అది వెనక్కి ఎగురుతోంది, అంటే గాలి ముందు నుంచి వస్తోందన్నమాట. ఒకే ఓడ మీద రెండు గాలులు! మనం బైక్ మీద, కారు మీద జెండా కట్టి వెనక్కి ఎగరడం చూసి అలవాటైపోయాం. కానీ తెరచాప ఓడని నడిపేదే ఆ గాలి. వెనక గాలితో పోయేటప్పుడు ఓడకంటే గాలే వేగంగా ఉంటుంది, కాబట్టి జెండా ముందుకే ఎగురుతుంది. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో ఎన్ని బొమ్మ ఓడల ఫొటోలు చూశానో లెక్కలేదు. చవకరకం వాటిలో చాలావాటికి ఇదే తప్పు.

తర్వాత తాడు నిచ్చెనలు పట్టుకున్నాడు. “మెట్టుకీ మెట్టుకీ ఎంతుంది?” స్కేలు పెడితే సెంటీమీటరు. ఇక్కడ నాలో ఇంజనీరు నిద్ర లేచాడు. అసలు విక్టరీ ముందు కొస నుంచి వెనక కొస దాకా సుమారు 69 మీటర్లు. నా దగ్గరున్నది 46 సెంటీమీటర్లు. అంటే 1కి 150. ఆ లెక్కన అయిదున్నర అడుగుల మనిషి ఈ ఓడ మీద సెంటీమీటరుకి కొంచెం పైన ఉంటాడు. రెండు సోనా మసూరి బియ్యపు గింజలు నిలువుగా ఒకదాని మీద ఒకటి పెడితే, అదీ మనిషి. ఆ మనిషి ఈ నిచ్చెన ఎక్కాలంటే ఒక్కో మెట్టూ దాదాపు తనంత ఎత్తు! మీరు ఎప్పుడైనా రెడీమేడ్ ఓడ కొంటే ఈ గింజల పరీక్ష చెయ్యండి. తలుపు, నిచ్చెన మెట్టు, పక్కన పిట్టగోడ, అన్నిటి దగ్గరా ఆ రెండు గింజల మనిషిని నిలబెట్టి చూడండి. అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది చేసినవాడికి ఓడ తెలుసో, బొమ్మ మాత్రమే తెలుసో.

అన్నీ అయ్యాక తాతయ్య దాన్ని పక్కన పెట్టి ఒక్క మాటే అడిగాడు. “మన ఓడ దొరకలేదా?”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అసలు మన ఓడ అంటే ఏది?

ముందు హైదరాబాద్ సంగతి చూద్దాం. ఇక్కడి నుంచి సముద్రం 300 కిలోమీటర్ల పైనే. మేడ్చల్‌లో మనకి నీళ్లంటే శామీర్‌పేట చెరువే, వానాకాలంలో అలుగు పారితే అదే పెద్ద వార్త. కానీ 1591లో ఈ నగరాన్ని కట్టిన కుతుబ్‌షాహీలది సముద్రం ఉన్న రాజ్యం. వాళ్ల రేవు మచిలీపట్నం. 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టారు, వాళ్లకంటే ముందే డచ్చివాళ్లు ఉన్నారు. గోల్కొండ సుల్తాన్ల ఓడలు అక్కడి నుంచి బర్మా వైపు, అరేబియా వైపు పోయేవి. హజ్ యాత్రికుల్నీ, మక్కాలో పంచడానికి బియ్యాన్నీ కూడా తీసుకెళ్లేవి.

1670ల్లో థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఈ తీరమంతా తిరిగి చూసినవన్నీ రాసుకున్నాడు. అందులో ఒక సంగతి చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నా. గోల్కొండ రాజు ఓడలు ఏటేటా అరకాన్, తెనసరిం, సింహళం వెళ్లి ఏనుగుల్ని కొనుక్కొచ్చేవట. ఒక్కో ఓడలో 14 నుంచి 26 ఏనుగులు! ఒక్క ఏనుగుని లారీ ఎక్కించడమే ఎంత గొడవో ఆలోచించండి. అలాంటివి ఇరవై, బంగాళాఖాతం అలల మీద, రోజుల తరబడి. ఆ ఓడ అడుగు ఎంత గట్టిగా ఉండాలి, గడ్డి ఎక్కడ పెట్టాలి, మంచినీళ్లు ఎన్ని పీపాలు కావాలి? గోల్కొండ కోట చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటాం. ఆ ఏనుగులు ఓడెక్కి వచ్చాయని మాత్రం నాకు ఒక్క గైడూ చెప్పలేదు.

బౌరీ నరసాపురం, మాధవాయిపాలెం గురించి కూడా రాశాడు. మంచి కలప, మంచి ఇనుము, పని తెలిసిన మేస్త్రులు ఉన్నారని, ఇంగ్లీషు వర్తకులు తమ ఓడల్ని అక్కడ కట్టించుకునేవారని. మాధవాయిపాలేన్ని వాళ్లు ‘మదపొల్లం’ అన్నారు. అక్కడ దొరికిన నూలుగుడ్డకి ఆ పేరే పడి, ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. గుడ్డ పేరు నిలిచింది, ఓడ రూపం నిలవలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే శాతవాహనుల సీసపు నాణేలున్నాయి. 2వ శతాబ్దం చివర్లో యజ్ఞశ్రీ శాతకర్ణి కాలానివని చెప్పే వాటి మీద రెండు కొయ్యల ఓడ ఉంటుంది. తాళ్లు కూడా కనిపిస్తాయి. రాజు తన నాణెం మీద ఓడ వేయించాడంటే ఆ ఓడలే అతనికి ఆదాయం. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం మీరు స్కూల్లో చదివే ఉంటారు. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు, నేను సుంకం తప్ప ఏదీ ముట్టుకోను అని. ఓరుగల్లులో కూర్చున్న రాజుకి మునిగిన ఓడల మీద పాలసీ ఉంది!

ఇక తాతయ్య ఓడ దగ్గరికొద్దాం. తాళ్లరేవు పక్కనే కోరంగి. ఈరోజు కోరంగి అంటే మడ అడవులు, బోటు షికారు, ప్రీవెడ్డింగ్ షూట్లు. రెండొందల ఏళ్ల కింద అది తూర్పు తీరంలో పేరున్న ఓడల ఊరు. కొత్త ఓడలు కట్టేవాళ్లు, పాతవాటిని డాక్‌లోకి ఎక్కించి బాగుచేసేవాళ్లు. 1802లో ‘ఆల్బట్రాస్’ అనే బ్రిటిష్ యుద్ధనౌకని కూడా అక్కడే రిపేరు చేశారు. కోరంగి రేవు నుంచి బర్మా వెళ్లిన కూలీలు ఎంతమందంటే, అక్కడ తెలుగువాళ్లందరికీ ‘కొరంగీలు’ అనే పేరు పడిపోయింది. ఊరు శ్రీకాకుళమైనా, విశాఖైనా, రంగూన్‌లో దిగితే కొరంగీయే.

ఆ ఊరిని సముద్రం రెండుసార్లు కొట్టింది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి. కలకత్తాలో తుఫానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెన గురించి రాశాడు. ‘సైక్లోన్’ అన్న మాటని పుట్టించింది కూడా ఆయనే, పాము చుట్టకి గ్రీకులో ఉన్న మాట నుంచి. ఇక్కడొక చిన్న జాగ్రత్త చెప్పాలి. 1839 తుఫానులో 3 లక్షల మంది చనిపోయారు, 20,000 ఓడలు మునిగాయి అని చాలా వీడియోల్లో వస్తుంది. నేనూ ఒకప్పుడు ఒక షార్ట్‌లో అదే చెప్పేశాను, సారీ. కాస్త ఆలోచించండి. కోరంగి ఎంత రేవు, అందులో 20,000 ఓడలు ఎక్కడ పడతాయి? 1789 తుఫానులో చనిపోయినవాళ్లు 20,000 అని పాత పుస్తకాల్లో ఉంది. ఆ అంకే ఎక్కడో దారి తప్పి ఓడల లెక్కలో పడిందని నా అనుమానం.

తుఫానులు ఒక్కటే కోరంగిని చంపలేదు. గోదావరి ఏటా తెచ్చి పోసే ఒండ్రుకి రేవు మేట వేసుకుపోయింది. పెద్ద ఓడలు కాకినాడ వైపు మళ్లాయి. ఆపైన ఇనుప ఓడలు, ఆవిరి ఓడలు. అయినా తాళ్లరేవులో చెక్క పని మాత్రం ఆగలేదు, తాతయ్య చిన్నతనం దాకా వచ్చింది. ఆయన చెప్పేదాన్ని బట్టి ముందు ఇసకలో అడుగు దూలం పరుస్తారు. దానికి పక్కటెముకల్లా వంపు కర్రలు నిలబెడతారు. వంపు కోసం కర్రని వంచరు, పుట్టుకతోనే వంపు తిరిగిన చెట్టుకొమ్మని వెతుక్కొస్తారు. పలకలు బిగించాక సందుల్లో నార కుక్కి, పైన నూనె పూస్తారు. నేను “ప్లాన్ ఏ కాగితం మీద గీసేవాళ్లు తాతయ్యా?” అని అడిగాను. ఆయన నవ్వాడు. “కాగితమేంట్రా, మేస్త్రి బుర్రలో ఉండేది. ఆయన పోతే కొడుకు బుర్రలో.”

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ వెంటనే తెలుస్తుంది. డాక్యుమెంటేషన్ లేని కోడ్. రాసినవాడు కంపెనీ మారాడు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో అలాంటి ఒక మాడ్యూల్ పట్టుకుని ఎన్ని వీకెండ్లు పోగొట్టుకున్నానో!

విక్టరీ ఎందుకు మేడ్చల్ షాపుదాకా వచ్చిందంటే నేను మొదట ఇదే జవాబు చెప్పుకున్నా. 1765లో నీళ్లలోకి దిగిన ఆ ఓడ ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో ఉంది. బ్రిటిష్ నేవీ ఓడల డ్రాయింగులు వేలకొద్దీ గ్రీనిచ్‌లోని మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. డ్రాయింగ్ ఉంటే నమూనా ఎవరైనా చేస్తారు. మనకి డ్రాయింగ్ లేదు కాబట్టి బొమ్మ లేదు, కేసు క్లోజ్ అనుకున్నా.

కానీ పక్క అరలో ఉన్న శాంటా మరియా ఈ వాదనని పడగొట్టేసింది. కొలంబస్ ఓడకి కూడా డ్రాయింగ్ లేదు. దాన్ని చూసి వేసిన బొమ్మ కూడా లేదు. ఆ యాత్రకి 400 ఏళ్లు నిండిన 1892లో స్పెయిన్‌వాళ్లు ఆ కాలపు ఓడల గురించి తెలిసినదంతా పోగేసి, ఇలా ఉండి ఉంటుందని ఒకటి కట్టారు. ఇప్పటిదాకా వచ్చిన శాంటా మరియాలన్నీ అలాంటి అంచనాలే. అంటే డ్రాయింగ్ లేకపోవడం కాదు సమస్య. కూర్చుని అంచనా కట్టాలని ఎవరికైనా అనిపించిందా లేదా, అదీ. గోల్కొండ ఏనుగుల ఓడకి ఆ పని ఎవరూ చెయ్యలేదు. కొండపల్లి బొమ్మల్లో ఎడ్లబండి ఉంది, పల్లకి ఉంది, అంబారీ ఏనుగు ఉంది. ఆ ఏనుగు దిగిన ఓడ షాపులో లేదు.

ఈమధ్య మన దేశంలో ఒకచోట మాత్రం ఇలాంటి అంచనా కట్టారు. అజంతా గుహల్లో ఒక మూడు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. దాన్ని ఆధారం చేసుకుని, మేకులు కొట్టకుండా పలకల్ని తాళ్లతో కుట్టి ఒక నిజం ఓడ కట్టారు. పేరు కౌండిన్య. 2025 మేలో కార్వార్‌లో నౌకాదళంలోకి తీసుకున్నారు. గోడ మీద ఉన్నది పక్క నుంచి కనిపించే బొమ్మ ఒక్కటే, మిగతా కొలతలన్నీ లెక్కలు వేసి, నీళ్ల తొట్టిలో నమూనాలు పరీక్షించి తేల్చుకున్నారు. మనకో సంబంధం కూడా ఉంది. 1948 దాకా అజంతా ఉన్నది హైదరాబాద్ రాజ్యంలోనే. నిజాం పురావస్తు శాఖ డైరెక్టర్ గులాం యజ్దానీ ఆ చిత్రాల మీద పెద్ద పెద్ద సంపుటాలు తెచ్చాడు. అంటే ఆ ఓడ బొమ్మని కాపాడినవాళ్లలో మన ఊరివాళ్లూ ఉన్నారు.

డ్రాయింగులు తప్పకుండా ఉండే తెలుగు నేల ఓడ ఒకటుంది, జల ఉష. విశాఖలో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ షిప్‌యార్డుకి 1941 జూన్‌లో రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏప్రిల్‌లో జపాన్‌వాళ్లు విశాఖ మీద బాంబులేశారు. అన్నీ దాటుకుని 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జల ఉష నీళ్లలోకి దిగింది. 8,000 టన్నుల ఆవిరి ఓడ, స్వతంత్ర భారతదేశంలో నీళ్లలోకి దిగిన మొదటి పెద్ద ఓడ. దాని బొమ్మ కోసం చాలాచోట్ల అడిగాను. టైటానిక్ ఇస్తామన్నారు. మొదటి ప్రయాణంలోనే మునిగిన ఓడని వాస్తు అరకి ఎదురుగా పెట్టి అమ్మడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇంతకీ నేను ఏం కొన్నానంటే, కేరళ ఉరు. కోళికోడ్ దగ్గర బేపూర్‌లో చెక్క ఓడలు కడతారు, వాటినే ఉరు అంటారు. అరబ్బు దేశాలవాళ్లు ఇప్పటికీ కొనుక్కెళ్తారు. అక్కడ కూడా కొలతలు మేస్త్రి బుర్రలోనే. అదే ఊళ్లో ఆ ఓడలకి చిన్న నమూనాలు చేసి అమ్ముతారు. పాత ఆఫీసులో నా పక్క సీటు కోళికోడ్ అబ్బాయి, వాడి ద్వారా తెప్పించా. 6,500 అయింది.

కొనేముందు ఈసారి ఫొటోలు అడిగి మరీ చూశాను. పక్క నుంచి తీసిన ఫొటోలో ప్రతి ఓడా బాగానే ఉంటుంది. సరిగ్గా ముక్కు ఎదురుగా, తర్వాత సరిగ్గా పైనుంచి తీసి పంపమనండి. రెండు పక్కలూ సమానంగా లేకపోతే, కొయ్యలు ఒకే వరసలో లేకపోతే అక్కడే దొరికిపోతాయి. అడుగు మొత్తం ఒకే చెక్క దిమ్మా, లేక పలకలు అతికించారా అని అడగండి. దిమ్మ అయితే తప్పేం లేదు, కానీ ధర తగ్గాలి. గాజు పెట్టె మాత్రం ఓడతోపాటే లెక్క కట్టుకోండి. మేడ్చల్ రోడ్డు మీద లారీల దుమ్ముకి నా విక్టరీ తాళ్లు నెల రోజుల్లో బూజు పట్టినట్టయ్యాయి. తాళ్ల మీద దుమ్ము తుడవడం అంటే వాటిని తెంపడమే. షెల్ఫ్ కొలిచేటప్పుడు ఓడని కాదు, పెట్టెని కొలవండి. పడమటి కిటికీ ఎదురుగా పెట్టొద్దు, ఎండకి తెరచాప గుడ్డ పొడిపొడి అవుతుంది.

పార్శిల్ వచ్చిన రోజు తాతయ్య పొద్దున్నుంచి గేటు దగ్గరే కూర్చున్నాడు. విప్పి చూస్తే వెనక కొయ్య తాడు ఒకటి ఊడిపోయి ఉంది. నేను తిరిగి పంపేద్దామా అని ఆలోచిస్తుంటే, ఆయన ఓడని ఒళ్లో పెట్టుకుని పక్కపలకల మీద బొటనవేలు నడిపించాడు. ముక్కు దగ్గర ఆగాడు. “మనది కాదురా. మనదానికి ముక్కు ఇలా సాగదు.” కాసేపాగి, “కానీ చేసినోడికి పని తెల్సు” అన్నాడు.

తర్వాత ఆ ఊడిన తాడు అడిగి తీసుకున్నాడు. మామూలుగా చెయ్యి వణుకుతుంది, కాఫీ గ్లాసు కూడా సగమే పోస్తాం. ముడి వేసేటప్పుడు వణకలేదు. ఫోన్‌లో తీద్దామనుకునేలోపే అయిపోయింది. మళ్లీ ఒకసారి విప్పి కట్టమంటే, “కట్టిన ముడి ఇప్పకూడదు” అని తిట్టాడు. అందుకే మర్నాడు ఒక నులక తాడు, చీపురు పుల్లలు తెచ్చిచ్చి ఆయన ఎదురుగా కెమెరా పెట్టా. తాళ్లరేవులో మేస్త్రి అడుగు దూలం పొడవుని బట్టి మిగతా కొలతలు ఎలా తేల్చేవాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పటిదాకా నాలుగు గంటల రికార్డింగ్ అయింది. కొన్ని మాటలు నాకే అర్థం కావట్లేదు, అడిగితే పుల్లలు పేర్చి చూపిస్తున్నాడు. రెండో కంటి ఆపరేషన్ వచ్చే నెల, ఈలోపు ముక్కు భాగం పూర్తి చెయ్యాలి.

చూస్తున్నవాళ్లకి ఇప్పుడు వెనకాల రెండు ఓడలు కనిపిస్తున్నాయి కదా. ఎడమవైపు ఉరు. కుడివైపు విక్టరీ అక్కడే ఉంది, తీసెయ్యలేదు. దాని జెండా మాత్రం తాతయ్య ఊడబీకి, ఫెవిక్విక్‌తో ముందుకి తిప్పి అంటించాడు.